అరువు పిల్లలతో నిండిన బడి

పద్నాలుగేళ్ళపాటు ఒక మనిషి పేరు నా గొంతులో అడ్డం పడి ఉండింది. మింగలేకపోయాను. బయటికి అనలేకపోయాను.

మాట్లాడటం రాక కాదు. నా నోరు ఎలాంటిదో సూరత్‌లో మా గల్లీ వాళ్ళెవర్నడిగినా చెబుతారు. నల్లా రాకపోయినా, మురుగు పొంగినా, గెలిచినవాడు మర్నాడే కండువా మార్చినా ముందు మా తలుపే తడతారు. నేను వెళ్ళి అడుగుతాను. అవతలివాడు తల దించుకునేదాకా అడుగుతాను. నన్నెవరూ ఏమీ అడగలేదు. అడిగి ఉంటే నిజం చెప్పేదాన్నా? చెప్పేదాన్ని కాదు. ఇంత నోరున్న మనిషి అబద్ధం కూడా గట్టిగానే చెబుతుంది.

నా పేరు రాయను. దాక్కోవడానికి కాదని రాయబోయి ఆగాను. కొంత దాక్కోవడానికే. మా వాళ్ళు చదివితే రెండో పేరాలోనే నన్ను పోల్చుకుంటారు, పోల్చుకోనీ. మీరు మాత్రం నన్నెరగరు. ఎరగని మనిషి ముందు కూర్చుని మాట్లాడితే ఒక సౌకర్యం ఉంది. మధ్యలో లేచి వెళ్ళిపోతారేమోనన్న భయం ఉండదు.

మాది తెలంగాణ నుంచి వచ్చిన నేత కుటుంబం. మా ఆయన సాంచల ఖాతాలో మాస్టరు. సాంచలంటే కరెంటు మగ్గాలు, ఖాతా అంటే అవి నడిచే షెడ్డు. నేను కరీంనగర్‌లో బీఏ చదివి, పెళ్ళయ్యాక ఈ ఊరికి వచ్చాను. మా గల్లీలో మొదట డిగ్రీ చదివిన కోడల్ని నేనే. ఆ గర్వం కూడా ఈ కథలో ఉంది, ఎక్కడుందో మీకే కనబడుతుంది.

మొన్న ఒక ఆదివారం నాగమణి మా ఇంటికి వచ్చింది. ఇరవై మూడేళ్ళ పిల్ల. బట్టల మార్కెట్లో ఒక వ్యాపారి ఆఫీసులో ఉత్తరప్రత్యుత్తరాలన్నీ తనే చూస్తుంది. హిందీ, గుజరాతీ రెండూ ముత్యాల్లా రాస్తుంది. ఇక్కడి తెలుగు నేత కుటుంబాలన్నిటికీ ఒక సంఘం ఉంది, సమాజ్ అంటాం. అందులో ఆడవాళ్ళ విభాగానికి తనే కార్యదర్శి. మునిసిపల్ ఎన్నికలు దగ్గరపడ్డాయి, నిలబడే వాళ్ళందర్నీ సమాజ్ హాలుకు పిలుస్తున్నాం, ఎప్పటిలాగే మీరే ప్రశ్నలు అడగాలి అని చెప్పడానికి వచ్చింది. చెప్పింది. టీ తీసుకుంది. అప్పుడు అంది:

"ఈసారి జర గట్టిగ నిలదియ్యాలె టీచర్. లచ్చన్న మామ లెక్క మాట మార్చేటోళ్ళు మళ్ళ రావొద్దు."

నేను నా కప్పు కింద పెట్టాను. ఆ మాట ఇంకెవరన్నా అని ఉంటే అలవాటుగా తలూపేదాన్ని. ఎన్నోసార్లు ఊపాను కూడా. కానీ అన్నది నాగమణి. ఆ పిల్ల ఆ మాట ఎందుకు అనకూడదో అప్పటికి ఇద్దరికే తెలుసు. ఒకరు లచ్చన్న. రెండో మనిషిని నేను.

మా సమాజ్ హాల్లో దేవుడి పటం కింద ఒక గూడు ఉంది. అందులో ఒక పాత నాడె ఉంటుంది. నాడె అంటే మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తి పడుగులోకి పేక వేసే చెక్క. మా వాళ్ళలో మొదట సూరత్ వచ్చినవాళ్ళెవరో ఊళ్ళోని చేతిమగ్గం అమ్ముకుని, నాడె మాత్రం సంచిలో వేసుకుని వచ్చారట. సమాజ్‌కు మాట ఇచ్చేవాళ్ళు ఆ నాడెను కుడిచేత్తో పట్టుకుని ఇవ్వాలి. తప్పితే జరిమానా లేదు, వెలి లేదు. తప్పినవాడు ఇక నాడె ముట్టడు. హాలుకు ఎప్పుడొచ్చినా గుమ్మం దగ్గర, చెప్పులు విడిచే చోట కూర్చుంటాడు. అక్కడ కూర్చోమని ఎవరూ చెప్పరు. తనంతట తను కూర్చోవాలి. అదే శిక్ష.

ఓట్ల కోసం వచ్చే పెద్ద పార్టీల వాళ్ళకి కూడా నాడె ఇస్తాం. వాళ్ళు దాన్ని ఎత్తి పట్టుకుని ఫోటో దిగుతారు. వాళ్ళలో ఒక్కడూ చెప్పుల దగ్గర కూర్చోలేదు. మాట తప్పాక మళ్ళీ ఆ హాలు గడపే తొక్కరు కాబట్టి.

లచ్చన్న అలాంటివాడు కాదు. సాంచలు బాగు చేసే మెకానిక్. నాలుగో తరగతి చదివాడు. ఆగిపోయిన సాంచ దగ్గర చెవి పెట్టి ఎక్కడ నొప్పో చెప్పేవాడని మా ఆయన అంటాడు. జనం బలవంతం మీద కార్పొరేటరుగా నిలబడ్డాడు. నాడె పట్టుకుని ఒకటే మాట ఇచ్చాడు, తనున్నన్నాళ్ళు గల్లీ చివరి తెలుగు బడిని బందు కానివ్వనని. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది నేను. ఎందుకంటే ఆ మునిసిపల్ బడిలో టెంపరరీ టీచర్ని నేను. కొద్ది ఓట్లతో గెలిచాడు. మా అందరికీ పండగ.

బడి సంగతి కూడా చెప్పాలి. పిల్లలు ఏటికేడాది తగ్గుతున్నారు. కొన్ని కుటుంబాలు ఊళ్ళకు తిరిగి పోయాయి. ఉన్నవాళ్ళు తెలుగులో చదివితే పై తరగతులకు ఎక్కడికి పోవాలి అని హిందీ బళ్ళకు, చేతనైతే ఇంగ్లీషు బళ్ళకు పంపుకుంటున్నారు. పంపలేని వాళ్ళు ఆడపిల్లల్ని ఇంట్లోనే ఉంచి చీరలకు రాళ్ళు అతికించే పనిలో పెడుతున్నారు. నేను? మీటింగుల్లో తెలుగు బడి మన ప్రాణం అని మాట్లాడేదాన్ని. నా కూతుర్ని మాత్రం వ్యానులో ఇంగ్లీషు బడికి పంపేదాన్ని. మా గల్లీ మొత్తం అలాగే ఉండేది. బడి ఉండాలి, అందులో ఇంకెవరి పిల్లలో చదవాలి.

పిల్లలు చాలకపోతే మా బడిని పక్కనే ఉన్న హిందీ బడిలో కలిపేస్తామని పైనుంచి కబురు వచ్చింది. అధికారులు ఫలానా రోజు చూడటానికి వస్తారు, కార్పొరేటరూ వస్తాడు. హెడ్మాస్టరు సెలవులో ఉన్నాడు. బడి నా చేతిలో ఉంది.

ఖాతాల్లో ఒక పద్ధతి ఉంది. సరుకు కొనేవాళ్ళు షెడ్డు చూడటానికి వస్తున్నారంటే, దారం లేక ఆగిపోయిన సాంచలకు పక్క ఖాతా నుంచి నిండు బీములు తెచ్చి ముందురోజే ఎక్కిస్తారు. బీము అంటే పడుగు చుట్టిన పెద్ద దిమ్మ. వాళ్ళు చూసిపోయే గంటసేపు అన్ని సాంచలూ ఆడతాయి. వాళ్ళు వెళ్ళగానే బీములు దించి ఎవరివి వాళ్ళకి పంపేస్తారు. మా ఆయన ఈ సంగతులు చెబుతుంటే ఎన్నిసార్లు నవ్వుకున్నామో. నేను అదే పని పిల్లలతో చేశాను.

ముందురోజు ఇల్లిల్లూ తిరిగాను. హిందీ బడికి పోయే పిల్లల్ని ఒక్కపూట మానిపించాను. ఏ బడికీ పోని పిల్లల్ని అడిగి తెచ్చుకున్నాను. ప్రతి తల్లికీ ఒకే మాట చెప్పాను, ఇద్దరు పిల్లలకు జ్వరం వచ్చింది, లెక్క తక్కువైంది, నీ బిడ్డనొక్క పూట పంపు అని. ప్రతి తల్లీ తన బిడ్డ ఒక్కతే అరువు అనుకుంది. తలలు నున్నగా దువ్వి పంపారు. ఇంకా ఒక బెంచీ ఖాళీగా కనిపిస్తుంటే నా ఏడేళ్ళ కూతుర్ని బడి మానిపించి, పక్కింటి పిల్ల యూనిఫాం తొడిగి రెండో బెంచీలో కూర్చోబెట్టాను. "ఇది ఆట" అని చెప్పాను.

అధికారులు వచ్చారు. తలలు లెక్కపెట్టుకున్నారు. నలభై. పరవాలేదే అన్నట్టు మొహాలు పెట్టారు. లచ్చన్న మొహం చూడాలి అప్పుడు. ఇచ్చిన మాట నిలిచిందని వెలిగిపోతున్నాడు. ఆ సంతోషంలో ముందు బెంచీలో కూర్చున్న ఒక పిల్లను లేపి, బోర్డు మీద రాసింది చదవమన్నాడు. బోర్డు మీద నేను రాసింది రెండు మాటలు. మన బడి.

ఆ పిల్ల లేచింది. బోర్డు వైపు గోడను చూసినట్టు చూసింది. తర్వాత తన వేళ్ళ వైపు చూసుకుంది. వేళ్ళ కొసల మీద రాళ్ళు అతికించే జిగురు ఎండి తెల్లగా కట్టి ఉంది. లచ్చన్న కూడా ఆ వేళ్ళనే చూశాడు. పిల్ల సిగ్గుపడుతోందని అధికారులకు హిందీలో సర్దిచెప్పి కూర్చోబెట్టాడు. ఇంతలో రెండో బెంచీలోంచి నా కూతురు, తన బడిలో అలవాటైన తీరున, ఒక్కతే లేచి నిలబడి "గుడ్ మార్నింగ్ సర్" అంది. అధికారులు ముచ్చటపడ్డారు. తెలుగు బడిలో ఇంగ్లీషు కూడా బాగా నేర్పుతున్నారని నన్ను మెచ్చుకున్నారు. లచ్చన్న మా ఇంటికి వచ్చిపోయే మనిషి. నా కూతురు ఏ వ్యాను ఎక్కుతుందో ఆయనకు తెలుసు.

జిగురు వేళ్ళ పిల్ల నాగమణి.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు లచ్చన్న మా ఇంటికి వచ్చాడు. మా ఆయన షిఫ్టులో ఉన్నాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

"ఎంతమంది టీచరమ్మా?"

"నలభై. నువ్వు జూసినవ్ గదన్నా."

"నేన్ జూసింది వద్దు. నిజంగ ఎంతమంది?"

వాదించబోయాను. ఆయన మొహం చూశాను. "పదకొండు" అన్నాను.

"ముందట కూసున్న ఆ పిల్ల రోజు ఏం జేస్తది?"

"వాళ్ళమ్మతోని రాళ్ళు అతికిస్తది."

"బడి ఎన్నడన్న జూసిందా?"

"ఇయ్యాల్నే జూసింది."

నీళ్ళడిగాడు, ఇచ్చాను, తాగలేదు. గ్లాసు పట్టుకునే నిలబడ్డాడు. అప్పుడు నాకు భయం పట్టుకుంది. నాకు భయం వేస్తే నోరు లేస్తుంది.

"నువ్వు నాడె ముట్టి మాటిచ్చినవన్నా. బడి బందు కానియ్యనన్నవ్. ఇప్పుడు ఎనుకకు పోతవా? జనం ఊకుంటరా?"

"ఇచ్చిన. బడి అంటే పిల్లలనుకోని ఇచ్చిన. బెంచీలనుకోని ఇయ్యలే." గ్లాసు కింద పెట్టాడు. "పదకొండు మందిని నలభై అని నేను ఎట్ల జెప్పాలె? జెప్తే బడి ఉంటది. ఆ పిల్ల రేపు మళ్ళ రాళ్ళే అతికిస్తది గద?"

"నిజం జెప్తే నా నౌకరి పోతది. కేసయితది. నా బిడ్డను గూడ కూసోబెట్టిన. నేను మొకం ఎట్ల జూపెట్టాలె అన్నా?"

ఏడ్చాను. నిజం చెప్పాలంటే, ఏడుపు నిజమే, కానీ ఏడిస్తే పని అవుతుందని కూడా నాకు తెలుసు. రెండూ ఒకేసారి ఉండవా మనిషిలో? ఉంటాయి.

"ఏడువకు" అన్నాడు. "నీ పేరు నా నోట రాదు. నాడె ముట్టకుంట ఇస్తున్న మాట ఇది. జర నమ్ము."

చెప్పులు తొడుక్కుంటూ వెనక్కి తిరిగి, కొంచెం నవ్వి, "నీ బిడ్డ గుడ్ మార్నింగ్ మంచిగ జెప్పింది" అన్నాడు. వెళ్ళిపోయాడు.

మునిసిపల్ బళ్ళ కమిటీ ముందు ఆయన తెలుగు బడిని హిందీ బడిలో కలిపేయమని చెప్పాడు. ఎందుకో చెప్పలేదు. అధికారులే ఆశ్చర్యపోయారట, పిల్లలు ఉన్నారు కదా అని. అయినా కలిపేయమన్నాడు.

గల్లీ భగ్గుమంది. ఎంతకు అమ్ముడుపోయాడు అని ఒకరు, హిందీవాళ్ళ ఓట్ల కోసం అని ఒకరు. సమాజ్ హాలుకు పిలిపించారు. నన్నూ పిలిచారు, టీచర్ని కదా. నేను వెళ్ళకుండా ఉండొచ్చు. ఒంట్లో బాగాలేదని చెప్పొచ్చు. వెళ్ళి మాట్లాడకుండా కూర్చోవచ్చు. అవేవీ చెయ్యలేదు. ఆయన నాడె పక్కన నిలబడి ఉన్నాడు. నేను లేచాను.

"నాడె ముట్టిన చెయ్యి గది. గా చేతితోటి అన్నం ఎట్ల తింటవ్ లచ్చన్నా?"

హాలు దద్దరిల్లిపోయింది చప్పట్లతో. నాకు బాగుంది. ఇంత రాశాక ఈ ఒక్క ముక్క రాయడానికే చెయ్యి ఆగింది. నాకు బాగుంది. ఆ చప్పట్లు నా వంటి మీద చల్లటి నీళ్ళలా పడ్డాయి.

ఎందుకన్నాను ఆ మాట? మాట్లాడకపోతే నన్ను అనుమానిస్తారని భయం, అది ఒకటి. కానీ అంతకన్నా లోపల ఇంకొకటి ఉంది. నన్ను ఉన్నదున్నట్టు చూసిన మనిషి ఆయనొక్కడే. చదువుకున్న కోడలు, గల్లీకి నోరు, ఇంత బిల్డప్పూ తీసేస్తే లోపల ఎంత ఉందో ఆయనకు తెలిసిపోయింది. పదకొండు. అలా చూసినవాణ్ణి అందరి ముందూ చిన్నవాణ్ణి చేస్తే నేను మళ్ళీ పెద్దదాన్ని అవుతాననుకున్నాను.

ఆయన నా వైపు చూశాడు. కోపంగా కాదు. సాంచ దగ్గర చెవి పెట్టి వినే మనిషి చూపు. "మాట మార్చిన. తప్పు నాదే. ఎందుకని అడగకుండ్రి" అన్నాడు. ఆఖరిసారిగా నాడె తీసి గూట్లో పెట్టి, హాలు చివరిదాకా నడిచి వెళ్ళి, గుమ్మం దగ్గర చెప్పుల పక్కన కూర్చున్నాడు. మీటింగు అయ్యాక నా చెప్పులు ఆయన మోకాలి పక్కనే ఉన్నాయి. నేను వంగి తీసుకోవడానికి వీలుగా మోకాలు పక్కకు జరిపాడు.

తర్వాతి ఎన్నికల్లో ఓడిపోయాడు. నేనన్న ఆ మాటను అవతలి పార్టీ వాళ్ళు కరపత్రాల్లో అచ్చేశారు. ఒక కాగితం చాలా రోజులు మా ఇంటి బీరువాలో దాచుకున్నాను. సిగ్గుతో కాదు, అప్పట్లో గొప్పగా. లచ్చన్న ఊరి చివర డిండోలికి ఇల్లు మారాడు. కడోదరా వైపు ఒక షెడ్డులో పనికి కుదిరాడు. అక్కడన్నీ కొత్త సాంచలు, నీటి ధారతో పేకను విసిరేవి. వాటికి నాడె ఉండదు.

బడి కలిసిపోయింది. నా ఉద్యోగం పోలేదు. కొత్త బడిలో రోజుకో తెలుగు పీరియడు పెట్టారు, దానికి నన్నే టీచరుగా ఉంచారు. నా అదృష్టం అనుకున్నాను. రెండేళ్ళ తర్వాత నా సర్వీసు కాగితాల కోసం ఫైలు తిప్పుతుంటే ఒక అర్జీ కనబడింది. గుజరాతీలో ఎవరితోనో రాయించింది. కింద తెలుగులో లచ్చన్న సంతకం, అక్షరాలు ఒకదానిమీద ఒకటి పడిపోతున్నట్టు. బడిని కలపడానికి ఒప్పుకుంటాను గానీ, తెలుగు పీరియడు ఉండాలి. ఇంతవరకూ బడి మొహం చూడని ఆడపిల్లల్ని ఏ సర్టిఫికెట్టూ అడగకుండా చేర్చుకోవాలి. ఇప్పుడున్న తెలుగు టీచరునే కొనసాగించాలి.

ఆ ఆఫీసు గదిలో ఫ్యాను కింద నిలబడి ఆ మూడో వాక్యాన్ని ఎన్నిసార్లు చదివానో. ఆ చేత్తో అన్నం ఎట్ల తింటవ్ అని అడిగాను కదా. అప్పటికి రెండేళ్ళుగా నేను తింటున్న అన్నం ఆ చేతి సంతకం వల్ల వచ్చింది.

అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. ఆయన ఎలాగూ ఓడిపోయాడు, ఇప్పుడు చెబితే లాభమేమిటి అనుకున్నాను. ఎవరికి లాభమని ఆలోచించానో మీరే చూసుకోండి. తర్వాత ప్రతి ఎన్నికకూ హాల్లో నిలబడి, అభ్యర్థుల చేతికి నాడె ఇచ్చి, మాట మీద నిలబడే నాయకుడు కావాలి మాకు అని ప్రశ్నలడుగుతూ వచ్చాను. వెనక చెప్పుల దగ్గర ఆయన కూర్చుని వినేవాడు. ప్రతిసారీ వచ్చేవాడు. ఎదురుపడితే "బిడ్డ మంచిగ సదువుతుందా" అని అడిగేవాడు. అంతకు మించి ఒక్క మాట లేదు. ఒక్కసారైనా ఒక్క చూపులోనైనా గుర్తు చేసి ఉంటే నేను ఎదురు తిరిగి ఇంకో నాలుగు మాటలు అనేసి బరువు దించుకునేదాన్నేమో. ఆయన ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

ఇక్కడ ఒక మాట. నా కథ చదివి మాట మార్చే నాయకులందరికీ పూలదండలు వెయ్యకండి. పొద్దున ఒక కండువా, మధ్యాహ్నానికి ఇంకో కండువా వేసుకుని, ప్రజల కోసమే మారాను అని మైకులో ఏడ్చేవాళ్ళను నేను ఇప్పటికీ వదలను. వాళ్ళు మారిన మర్నాడు వాళ్ళ ఇంటి ముందు కొత్త కారు ఉంటుంది. లచ్చన్న మారిన మర్నాడు ఆయన ఇంటి ముందు రాళ్ళు పడ్డాయి. తేడా ఇంత కొట్టొచ్చినట్టు కనబడుతుంటే మేమెందుకు చూడలేదు? మార్చావా, లేదా అని మాత్రమే అడిగాం. మార్చినందుకు నీకేం దొరికింది అని అడిగి ఉంటే, ఏమీ దొరకలేదని తెలిసేది. అది తెలిస్తే ఇంకో ప్రశ్న పుట్టేది. ఆ ప్రశ్న నా దాకా వచ్చేది.

మాట మీద నిలబడేవాడు కావాలని కేకలేసిన ఆ హాల్లో మాట మీద నిలబడింది చెప్పుల దగ్గర కూర్చున్న ఆ ఒక్కడే. నాడె ముట్టకుండా ఒక ఏడుస్తున్న ఆడదానికి ఇచ్చిన మాట మీద. నాడె ముట్టి ఇచ్చిన దాన్ని తప్పాడు, నిజమే. తెలుగు బడి పోయింది, అదీ నిజమే, ఆ నష్టం నష్టమే. ఇప్పుడు మా పిల్లలు తెలుగు కూడబలుక్కుని చదువుతారు. ఆయన్ని దేవుణ్ణి చెయ్యాలని లేదు నాకు. కృతజ్ఞత చెప్పుకోవాలని ఉంది. పద్నాలుగేళ్ళు ప్రతి నెలా, ప్రతి పీరియడూ, బోర్డు మీద సుద్దముక్క పెట్టిన ప్రతిసారీ నాలో ఉన్నది అదే. దాన్ని బయటికి రానిస్తే దాంతోపాటు మిగతాదంతా వస్తుందని నొక్కి పెట్టాను. నన్ను కాపాడిన మనిషికి థాంక్స్ చెప్పడానికి భయపడ్డాను.

మళ్ళీ ఆ ఆదివారం. నాగమణి టీ పట్టుకుని కూర్చుంది. ఏ సర్టిఫికెట్టూ అడగకుండా చేర్చుకున్న పిల్లల్లో మొదటి పేరు ఆమెది. తొమ్మిదేళ్ళకు ఒకటో తరగతి పిల్లల పక్కన కూర్చుని, నాలుగేళ్ళలో అందర్నీ అందుకుంది. లచ్చన్న మామ మాట తప్పాడన్నది గల్లీ అంతా చెప్పగా విన్నది. తను ఎందువల్ల చదువుకుందో ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినదాన్ని నేను.

"ఆ రోజు బడిల నీ చుట్టు ఎంతమంది ఉండిరో యాదికున్నదా?" అని అడిగాను.

"మస్తు మంది ఉండిరి గద టీచర్."

"నిజంగ బడి పిల్లలు పదకొండు మందే" అన్నాను.

మొదలుపెట్టాక ఆగలేదు. అరువు పిల్లలు, జిగురు వేళ్ళు, గుమ్మం దగ్గర లచ్చన్న, ఫైల్లో సంతకం, అన్నీ చెప్పాను. అయ్యాక నాగమణి తన వేళ్ళ కొసల వైపు చూసుకుంది. ఇప్పుడు అక్కడ జిగురు లేదు, నీలం సిరా మరక ఉంది. టీ సగం అలాగే వదిలేసి లేచింది. నన్ను తిట్టలేదు. పరవాలేదు టీచర్ అని కూడా అనలేదు. గుమ్మం దిగి వెళ్ళిపోయింది. మర్నాడు ఫోనుకు ఒక మెసేజ్ వచ్చింది. మీటింగు వచ్చే ఆదివారం పది గంటలకు, ప్రశ్నలు ఇంకెవరో అడుగుతారు, మీరు రండి అని. అంతే.

క్షమిస్తుందో లేదో తెలియదు. లచ్చన్న క్షమిస్తాడని ఇది రాయలేదు. ఆయన నన్నెప్పుడూ దోషిగా నిలబెట్టలేదు, ఇంక క్షమించడానికి ఆయన దగ్గర ఏముంది? ఇన్నేళ్ళూ నేను చేసిన పనికి ఆయన కూర్చున్నాడు అక్కడ. నేను ఎక్కడ కూర్చోవాలో మా సమాజ్‌లో ఎవరూ చెప్పరు. తనంతట తను తెలుసుకోవాలి.

వచ్చే ఆదివారం వెళ్తాను. ఈసారి గూట్లోంచి నాడె నేను తియ్యను. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, వాటి పక్కనే కూర్చుంటాను, ఆయన కొంచెం జరిగితే. బిడ్డ ఎట్లుందని అడుగుతాడు. మంచిగున్నదన్నా, నీ దయ, అంటాను. ఆ రెండు మాటలు ఇప్పటికే చాలాసార్లు పైకి అనుకుని చూశాను. గొంతులో ఎక్కడా అడ్డం పడటం లేదు.